దోమతెరలో అరవై మూడు చేపపిల్లలు

కల్లూరు,
జులై 7.

చిలకలదిన్నె మత్స్యకారుల సహకార సంఘం కార్యదర్శి, మా బద్వేలు మేనమామ పెద్దకూతురు, వరసకు నాకు వదిన అయిన శ్రీమతి రమణి గారి సముఖమునకు,

జంతుశాస్త్రంలో పట్టభద్రుడు, ప్రస్తుతం ప్లాస్టిక్ పైపుల కంపెనీలో పైపులు వంకరగా ఉన్నాయా తిన్నగా ఉన్నాయా అని చూసే ఉద్యోగి జయరాజ్ నమస్కరించి రాసుకొను విన్నపము.

మొన్న ఫోన్‌లో నేను నోరు తెరిచేలోపే, “ఏమన్నా ఉంటే రాసి పంపు మరిదీ, నేనీడ కార్యదర్శిని” అని పెట్టేశావు. తర్వాత వాట్సాప్‌లోనూ నా దారి మూసేశావు. అందుచేత రాస్తున్నాను. మీ ఊరి చేపలను రోజూ కర్నూలు మార్కెట్టుకు తెచ్చే బాలస్వామి ఆటోలో, ఖాళీ పెట్టెల మీద, ఈ ఉత్తరం నీ దగ్గరికి వస్తుంది. వాసనకు నేను బాధ్యుణ్ని కాను.

విషయం. గత ఆదివారం మేము అయిదుగురం, అనగా అఖిల కల్లూరు గాలధారుల సమాఖ్య యావత్తు సభ్యత్వం, మీ డ్యాము కట్ట మీద శాంతియుతంగా కూర్చుని ఉండగా మీ మామ బొజ్జన్న గారు గుండ్రటి పుట్టిలో తెడ్డు వేసుకుంటూ వచ్చారు. దిగారు. పలకరించలేదు. మా అయిదు గాలాలనూ కట్టెపుల్లల్లా ఏరి, టవలుతో కట్టి, సంఘం గదిలో పెట్టి తాళం వేశారు. మా అధ్యక్షుడు జ్ఞానరాజు ప్రైవేటు ల్యాబులో రక్తం తీస్తాడు, సూది మీద నమ్మకం ఉన్న మనిషి. అతను వినయంగా కారణం అడిగితే వచ్చిన జవాబు ఇది: “డ్యాములో చేప లేకుండా చేసినారు. ఇంగ కట్టెలు ఈడ్నే ఉండనీ.”

వదినా, ఆ రోజు మాకు పడింది సున్నా. సున్నా చేపలు దొంగిలించిన నేరానికి అయిదు గాలాలు జైల్లో ఉన్నాయి. ఒకవైపు మా అయిదు సూదులు, ఇంకోవైపు మీ నలభై రెండు ఇళ్ల వలలు. చేప తగ్గిందంటే ఎవరివల్ల అని మీరూ మేమూ ఊరేగింపుగా తిట్టుకుంటున్నాం గానీ, అసలు అది ఎటు పోయిందని ఎవరైనా అడిగారా? నన్ను తినేస్తున్న ప్రశ్న అది.

గాలాలను విడిపించవలసిందిగా కోరుతూ,
జయరాజ్


చిలకలదిన్నె,
జులై 11.

మరిదికి,

నీ విన్నపము అందినది. నవ్వొచ్చిన చోట నవ్వకుండా చదివి, సంఘం ముద్ర వేసి ఫైల్లో పెట్టాను.

గాలాలు ఇవ్వను. కారణం నీ ఫోనులోనే ఉంది. మే నెలలో మీ జ్ఞానరాజు ఒక బొచ్చె చేపను చంటిబిడ్డలా ఎత్తుకుని ఫోటో దిగాడు. కింద ‘చిలకలదిన్నె డ్యాము, తొమ్మిది కిలోలు’ అని రాశాడు. ఆ ఫోటో చేరని ఫోను మా ఊళ్లో లేదు. ఈ ఏడాది మా వలల్లో రెండు కిలోలు దాటిన బొచ్చె ఒక్కటి పడలేదు. మా మామ ఆ ఫోటోను రోజుకొకసారి వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తాడు. మొదట చేపను చూస్తాడు, తర్వాత జ్ఞానరాజును.

నీకు ఇది ఆటగా ఉన్నట్టుంది. అందుకే అసలు సంగతి చెబుతున్నా. ఏటా మా డ్యాములో రెండు లక్షల చేపపిల్లలు పోస్తారు. మేం పట్టి చూపిస్తున్నది అందులో పిసరంత. ‘రెండు లక్షలు పోస్తే ఇంతేనా? సంఘానికి చేతకాకపోతే బయటి కాంట్రాక్టరుకు ఇచ్చేస్తాం’ అని మత్స్యశాఖ వాళ్లు పోయినసారే చెప్పి వెళ్లారు. అక్టోబరులో మళ్లీ వస్తారు, అప్పుడు తేల్చేస్తారు. కాంట్రాక్టరు వస్తే తన పుట్లతో, తన మనుషులతో వస్తాడు. మా ఆయన నాగరాజ్‌కు పదకొండో ఏట నుంచి వల తప్ప ఇంకో పని తెలియదు. ఊళ్లో అందరిదీ అదే కథ. మీ జేజినాయన కూడా వల భుజాన వేసుకుని తిరిగిన మనిషే కదా. ఆయన మనవడు గాలంతో ఫోటోలు దిగుతున్నాడు.

చేప ఎటు పోయిందన్న నీ ప్రశ్న మాత్రం మంచిది. పదిరోజులుగా నాకూ అదే ఆలోచన. అందుకని నేనూ ఒకటి అడుగుతా, వేళాకోళం లేకుండా చెప్పు. ఆ తొమ్మిది కిలోలది డ్యాములో ఏ పక్క పడింది? ఎంత లోతులో? పెద్దవి యాడ తిరుగుతున్నాయో తెలిస్తే మిగతావీ దొరుకుతాయి.

రమణి


కల్లూరు,
జులై 22.

పూజ్యులైన వదినకు,

నీ ప్రశ్నకు మా సమాఖ్య నియమావళిలోని మూడో నిబంధన అడ్డం వస్తోంది. ‘చేప పడిన చోటు కన్నతల్లికైనా చెప్పరాదు.’ వదినల ప్రస్తావన ప్రత్యేకంగా లేదు గానీ, వారికీ వర్తిస్తుందని అధ్యక్షుల వారి భాష్యం.

బరువు సంగతి మాత్రం ఒప్పుకుంటాను. అది తొమ్మిది కాదు, ఆరున్నర. గాలం వేసేవాడి తక్కెడ భుజంలో ఉంటుంది. నీళ్లలో ఉన్నప్పుడు చేప ఆరున్నర. ఒడ్డుకు వచ్చాక ఏడున్నర. బండి మీద కల్లూరు చేరేసరికి తొమ్మిది. ఆదివారం సాయంత్రం ఇంకో టీ తాగి ఉంటే పదకొండు అయ్యేది, జ్ఞానరాజు నిగ్రహం గల మనిషి కాబట్టి ఆపాడు. మా సభ్యులెవరూ దీన్ని అబద్ధం అనరు. ఎదుగుదల అంటారు.

ఇప్పుడు నా వంతు. మొన్న మీ కట్ట మీద రెండు టార్పాలిన్ పట్టల నిండా ఎండుతున్న చేపలు చూశాను. నా చిటికెన వేలంత. పట్టుకుంటే పొడి అయిపోయేంత. దోమ కూడా దూరలేని అలవి వల వేస్తే తప్ప అలాంటివి పడవు. ఆ వల వద్దని సర్కారు ఎప్పుడో చెప్పింది కదా. ఆ పట్టలు ఎవరివి వదినా?

పైపులు చూడటానికి తప్ప నా డిగ్రీ ఇంతవరకు దేనికీ పనికిరాలేదు. అది నేర్పిన ఒక్క ముక్క మాత్రం మిగిలింది: లెక్కపెట్టకుండా ఏడవకూడదు. మీ రిజిస్టరులో రోజుకు ఎన్ని కిలోల చేప పడిందని రాస్తున్నారో నెల రోజులది పంపు. కిటుకు ఎక్కడుందో చూద్దాం.

గాలం లేక చేతులు ఊపుకుంటూ తిరుగుతున్న మరిది,
జయరాజ్


చిలకలదిన్నె,
ఆగస్టు 4.

మరిదీ,

ఆరున్నర అని నాగరాజ్‌కు చెప్పాను. చాలాసేపు నవ్వి, “అదీ అబద్ధమే. అయిదుంటాది” అన్నాడు.

రిజిస్టరు పంపమన్నావు. పంపినా నీకు పనికిరాదు. ఎందుకో చెబితే నువ్వు నవ్వుతావు, అయినా చెబుతాను. మీ వాళ్లది ఎదుగుదల అయితే మా వాళ్లది తరుగుదల. పుట్టి ఒడ్డుకు రాగానే “ఏం పడిందప్పా” అని ఎవరైనా అడిగితే, పుట్టి మునిగేంత ఉన్నా సరే, “యాడప్పా, ఏం పడలా” అనాలి. నిజం చెబితే దిష్టి తగులుతుంది, పైగా తెల్లారేసరికి అందరూ అదే చోట వల వేస్తారు. ఇది మా ఊళ్లో మర్యాద. ఇరవై కిలోలు మోసుకొచ్చినవాడు ఆరు అంటాడు, నేను రిజిస్టరులో ఆరు రాస్తాను. నాకు ముందున్న కార్యదర్శులూ అదే రాశారు. అధికారులు ఆ రిజిస్టరు చూసే డ్యాములో చేప లేదంటున్నారు.

మీరు పెంచి చెబుతారు, మేం తగ్గించి చెబుతాం. మధ్యలో ఎంత చేప ఉందో ఎవరికీ తెలియదు. నిన్న ఒంటరిగా కూర్చుని ఆ మాట అనుకుంటే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

అందుకని వారం పాటు పొద్దున్నే బాలస్వామి ఆటో దగ్గర నిలబడి పెట్టెలు నేనే లెక్కపెట్టాను. పెట్టె అబద్ధం చెప్పదు. పోయిన ఏడాది ఇదే నెలలో రోజుకు పద్నాలుగు పెట్టెలు ఎక్కేవని బాలస్వామి అంటున్నాడు. ఇప్పుడు ఆరు. అంటే అబద్ధాలన్నీ తీసి పక్కన పెట్టినా చేప తగ్గింది నిజమే.

పట్టల గురించి అడిగావు. కనుక్కుంటాను.

ఈ నెల 19న చేపపిల్లలు పోస్తున్నారు. రెండు లక్షల్లో సగం ఇప్పుడు, సగం నవంబరులో. పొయ్యడం ఎలా ఉంటుందో చూడాలనుంటే రా. చేతిలో గాలం లేకుండా రా.

రమణి


కల్లూరు,
ఆగస్టు 21.

వదినా,

షామియానా కింద నన్ను చూసి కూడా చూడనట్టు పోయావు. కార్యదర్శికి ఆ గాంభీర్యం ఉండాల్సిందే. నేను మాత్రం అన్నీ చూశాను, నువ్వు చూడనిది కూడా.

మొదట అందరూ చూసింది రాస్తాను. డ్యాముకు మూడు వైపులా రాళ్లే, తారురోడ్డు వచ్చేది ఒక్క తూము దగ్గరికే. కనుక షామియానా అక్కడే, ఫ్లెక్సీ అక్కడే, కుర్చీలు అక్కడే. నాగలక్ష్మమ్మ అవ్వ గంగమ్మ రాయికి పసుపు పూసి, మొదటి సంచి ముడి విప్పి, తూము మెట్ల మీద పిల్లల్ని వదిలింది. చప్పట్లు. లక్ష పిల్లలూ అదే మెట్ల మీద నుంచి నీళ్లలోకి పోయాయి. ఫోటోలు. ఆ వెంటనే ఇంకో అధికారి రెండడుగులు పక్కకు నడిచి, చక్రం తిప్పి, ఆయకట్టుకు తూము లేపాడు. మళ్లీ చప్పట్లు. ఒకే షామియానా, ఒకే కొబ్బరికాయ, రెండు శుభకార్యాలు.

నేను రోజంతా పైపులు చూసేవాణ్ని. నీళ్లు ఒక చివర లోపలికి పోతే ఇంకో చివర బయటికొస్తాయని నాకు జీతమిచ్చి నేర్పారు. చేపపిల్లల్లో ఏయే జాతులున్నాయో చూద్దామని మా ఇంటి ఓనరు రామేశ్వరమ్మ గారి దోమతెర ఒకటి సంచిలో తెచ్చుకున్నాను. ఈ సంగతి ఆమెకు ఇంకా తెలియదు, ఆమెను కుడుతున్న దోమలకే తెలుసు. మీరంతా భోజనాలకు కూర్చున్నప్పుడు కట్ట దిగి అవతలి వైపుకు పోయి, కాలువలో ఒక మూలన ఆ తెరను అడ్డం పెట్టి అరగంట నిలబడ్డాను.

అరవై మూడు.

వేలెడంత బొచ్చె పిల్లలు, శీలావతి పిల్లలు, అరవై మూడు. అదీ కాలువలో నాలుగో వంతుకు మాత్రమే తెర పెడితే. తూము పదిహేను రోజులు తెరిచే ఉంటుందని దాని కాపలా లస్కరు చెప్పాడు. ఆ పిల్లలకు ఇంకా డ్యాము ఎంతుందో కూడా తెలియదు వదినా. నీళ్లు ఎటు లాగితే అటు పోతున్నాయి. మీరు పుట్టింట్లో దింపిన బిడ్డల్ని వాళ్లు వెనక తలుపు నుంచి బస్సెక్కిస్తున్నారు.

ఎన్నేళ్లుగా ఇలా జరుగుతోంది? కాలువ అక్కడి నుంచి ఎటు పోతుందో నాకు తెలియదు. మీవాళ్లకే తెలియాలి.

జయరాజ్


నాపరాతి గని దగ్గర,
ఆగస్టు 29.

జయరాజ్ గారికి,

మీ ఉత్తరం సంఘంలో చదివి వినిపించాను. అందరూ ఒకేసారి మాట్లాడారు. డ్యాము కట్టిన మొదటి ఏడాది నుంచి అక్కడే పోస్తున్నారట. గంగమ్మ రాయి అక్కడుంది కాబట్టి అని మా వాళ్లు, రోడ్డు అక్కడికే ఉంది కాబట్టి అని శాఖ వాళ్లు. తూము లేపడం వేరే రోజు పెట్టుకుంటే అధికారులు ఇంకోసారి రావాలి కాబట్టి రెండూ ఒకే రోజు. ఎవరికీ తప్పు చేయాలని లేదు.

కాలువ ఎటు పోతుందో మీకు తెలియదని రాశారు. అందుకని నేనూ నాగరాజ్ బండి మీద దాని వెంట పోయాం. ఏడు కిలోమీటర్లు. చివర్లో కాలువ గట్టు తెగింది. పొలాలకు పోవలసిన నీళ్లలో సగం, మూతబడిన నాపరాతి గనిలోకి దూకుతున్నాయి. గని నిండా నీళ్లు. నాగరాజ్ ఒక రాయి విసిరితే అడుగున మనిషి తొడంతవి నల్లగా కదిలి పక్కకు జరిగాయి.

గట్టు మీద అయిదు ప్లాస్టిక్ కుర్చీలు, గొలుసుతో కట్టేసి ఉన్నాయి. వెనక బండ మీద ఎర్ర రంగుతో ‘అ.క.గా.స.’ అని రాసుంది. కింద తేదీలు, బరువులు. మే 12, తొమ్మిది కిలోలు. ఆ ఫోటోలో జ్ఞానరాజు వెనక మెట్లు మెట్లుగా ఒక రాయి కనబడుతుంది. మేమంతా దాన్ని డ్యాము కట్ట అనుకున్నాం. ఇప్పుడు ఆ మెట్టు మీద కూర్చునే ఇది రాస్తున్నాను.

దొంగలని పిలిపించుకోవడానికి ఒప్పుకున్నారు. గాలాలు పోయినా ఒప్పుకున్నారు. నేను కాంట్రాక్టరు సంగతి రాసినా, నలభై రెండు ఇళ్ల సంగతి రాసినా ఈ గుంత మాట చెప్పలేదు. కోపం వచ్చింది, అది వచ్చిపోతుంది. నాకు పోనిది ఆశ్చర్యం. ఎందుకు జయరాజూ?

ఊళ్లో ఇంకా చెప్పలేదు. నాగరాజ్ చేత ఒట్టు వేయించుకున్నాను. అయిదు రోజులు చూస్తాను.

రమణి


కల్లూరు,
సెప్టెంబరు 2.

వదినా,

విన్నపములూ నియమావళులూ ఇవాళ లేవు.

నాలుగేళ్ల కింద జ్ఞానరాజు దారి తప్పి ఆ గని దగ్గర బండి ఆపాడు. అప్పట్నుంచి అది మాది అనుకున్నాం. వారంలో ఆరు రోజులు నేను చేసే పని ఎక్కడ తప్పుందా అని వెతకడం. ఏడో రోజు ఆ బండ మీద కూర్చుంటే తప్పులు వెతకనవసరం లేదు. నలుగురికి తెలిస్తే అది పోతుంది. అందుకే చేపల్ని అక్కడ పట్టి మీ డ్యాము పేరు రాసేవాళ్లం. ఎవరికీ అనుమానం రాకుండా నెలకొకసారి మీ కట్ట మీదా కూర్చునేవాళ్లం. అక్కడ మాకు ఎప్పుడూ ఏమీ పడలేదు.

మీ చేప ఎటు పోయిందని నిన్ను అడిగాను. ఎవరూ పిల్లలు పొయ్యని రాతిగుంతలో బొచ్చెలు ఎలా పెరుగుతున్నాయని నన్ను నేను అడగలేదు. జంతుశాస్త్రం చదివినవాణ్ని, నాలుగేళ్లు అడగలేదు. అడిగితే జవాబు తెలిసిపోతుందని. దోమతెర ఎత్తి చూసినప్పుడు తెలిసింది. అప్పుడు కూడా కాలువ ఎటు పోతుందో తెలియదని రాశాను. నీకు రాసినవాటిలో నేను సిగ్గుపడే వాక్యం అదొక్కటే.

నిన్న సమాఖ్యలో మాట పెట్టాను. నాలుగు ఓట్లు వద్దని, ఒకటి చెప్పాలని. జ్ఞానరాజు కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: “గుంత చెప్పినోడు మాతో కూర్చోవద్దు.” వాళ్లు తప్ప ఈ ఊళ్లో నాకు స్నేహితులు లేరు, అది నీకు తెలిసి ఉండదు.

సంఘానికి చెప్పు. నా పేరు కూడా చెప్పు.

పట్టలు ఎవరివో కనుక్కుంటానని నువ్వు రాసి నెల అయింది.

జయరాజ్


చిలకలదిన్నె,
సెప్టెంబరు 20.

మరిదీ,

ఆ పట్టలు మా మామవి. నాకు మొదటి రోజే తెలుసు. కనుక్కుంటానని నీకు రాసినప్పుడు అలవి వల మా ఇంటి అటక మీదే ఉంది. ఆ వాక్యానికి నేనూ సిగ్గుపడుతున్నాను. ఇద్దరికీ ఒక్కొక్కటి.

గుంత సంగతి చెప్పగానే అందరూ వలలు తీసుకుని ఉరికారు. నేను ఆగమన్నా ఆగలేదు. నాపరాయి నీ కంపెనీ పైపులా నున్నగా ఉండదు కదా, పొరపొరకీ కత్తి అంచే. మూడు వలలు పోయాయి. ఒక్క చేప పడలేదు.

మరుసటి రోజు సంఘం కూర్చుంది. మిమ్మల్ని తిట్టడానికే కూర్చుంది. గాలంవాళ్లు దాచారు, గాలంవాళ్లు తిన్నారు అని గంటసేపు. వినీ వినీ నేను లేచి అలవి వల మాట చెప్పాను. పోసిన పిల్లలు తూములోంచి పోతుంటే, మిగిలినవాటిని మనమే ఎండబెట్టుకుంటున్నామని చెప్పాను. ఆ వల ఎవరింట్లో ఉందో కూడా చెప్పాను. మామ నా వైపు చూడకుండానే అన్నాడు: “ఈ మాట ఇంట్లో అడగొచ్చు గదా.”

“రెండుసార్లు అడిగినా మామా. ఇంట్లో అడిగితే నీకు ఇనపడలా.”

లేచి ఇంటికి పోయాడు. వల తెచ్చి బల్ల మీద పెట్టి మళ్లీ పోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం మా అత్త హనుమంతమ్మ పెడితే తింటాడు, నేను పెడితే ఆకలి లేదంటాడు. నలుగురిలో నేను చేసింది తప్పా అని రోజుకు రెండుసార్లు అనుకుంటున్నాను. చేసి ఉండకపోతే ఎన్నిసార్లు అనుకునేదాన్నో.

నాలుగు రోజుల కింద ఆయన సంఘం గది తాళం తీసి, మీ గాలం ఒకటి పట్టుకుని ఒక్కడే గనికి పోయాడు. సాయంత్రం ఖాళీ చేతులతో వచ్చాడు. నాతో అనలేదు, గోడతో అన్నాడు: “ఆ కట్టెతో ఎట్ల పడతారో ఆ పిల్లోళ్లనే పిలవండి. చంపకుండా తీయాల. మన నీళ్లలో ఇడవాల. యాడ పోయినాయో ఆఫీసరుకు అప్పుడు తెలుస్తాది.”

గాంధీ జయంతి నాడు అందరికీ సెలవే. నేను డ్యాము దగ్గర ఉంటాను, వచ్చినవాటిని దించుకోవడానికి. మీ జ్ఞానరాజుకు ఎలా చెబుతావో నీ ఇష్టం.

రమణి


కల్లూరు,
అక్టోబరు 3.

వదినా,

నువ్వు ఆ చివర ఉన్నావు, నేను ఈ చివర ఉన్నాను. ఈ చివర జరిగింది రాస్తాను.

జ్ఞానరాజుకు ఒక కాగితం మీద తేదీ, సమయం రాసి ల్యాబులో ఇచ్చి వచ్చాను. చదివి చెత్తబుట్టలో వేశాడు. నిన్న పొద్దున తొమ్మిదికి ముగ్గురు సభ్యులు వచ్చారు. పదిన్నరకు అతనూ వచ్చాడు. నా వైపు చూడకుండా, “నీకోసం రాలేదు. నొప్పి లేకుండా సూది తీయడం వీళ్లెవరికీ రాదు, అందుకొచ్చినా” అన్నాడు. నిజమే. రోజంతా ప్రతి చేప పెదవిలోంచి గాలం తీసింది అతనే. చేయి తడుపుకుని, ల్యాబులో ముసలివాళ్లతో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడుతూ తీశాడు.

సంఘం గదిలోంచి తిరిగొచ్చిన గాలాలతో ముందు వరసలో మేం అయిదుగురం. వెనక బండ మీద మీ సంఘం సభ్యులు ముప్పై మంది, తలా ఒక సలహాతో. ‘ఇంకా లోతుకెయ్యి’, ‘ఏం పిండి అది, కుక్క కూడా తినదు’, ‘లాగు, లాగాకు’. చేప పడగానే తక్కెడ వేసి, బరువు గట్టిగా చదివేవాళ్లు. భుజంలో తక్కెడ ఉన్నవాళ్లకు అది కష్టకాలం. జ్ఞానరాజు లాగిన పెద్దది అందరి కళ్లకూ పదిలా కనిపించింది. నాగరాజన్న ‘ఏడు కిలోల రెండొందలు’ అని చదివాడు. జ్ఞానరాజు కాసేపు తక్కెడను చూశాడు, తర్వాత ‘రాసుకోండి’ అన్నాడు. అతను ఆడిన నిజాలలో అది నేను విన్న మొదటిది.

మీ మామ నా పక్కన కూర్చున్నారు. ఒకటి నా గాలానికి తగిలినప్పుడు కర్ర ఆయన చేతిలో పెట్టాను. పావుగంట పట్టుకుని ఉన్నారు. లాగలేదు, వదల్లేదు. “వలలో బరువొక్కటే తెలుస్తాదప్పా” అన్నారు. “దీంట్లో అది యాడికి పోవల్లనుకుంటాందో తెలుస్తాంది.” యాడికి అని అడిగాను. “కాలువ తట్టుకే” అన్నారు. “ఎదురెక్కల్లని చూస్తాంది పిచ్చిది.”

వాగులు పొంగితే పెద్దవి ఎదురెక్కి గుడ్లు పెడతాయని పుస్తకంలో ఉంది. మీ డ్యాములో పెడతాయో లేదో నా డిగ్రీ హామీ ఇవ్వదు. కానీ ఆయన చేతిలో ఆ కర్ర వంగిన తీరు చూశాక పుస్తకం మీద నాకు గౌరవం పెరిగింది.

మొత్తం ముప్పై ఒకటి. డ్రమ్ముకు రెండు చొప్పున, పైన తడి గోనె కప్పి బాలస్వామి ఆటోలో పంపాం. ఏడు కిలోమీటర్లు, గుంతల దారి. ఇక్కడి నుంచి పోవడమే చూశాను. అక్కడికి ఎన్ని ప్రాణాలతో చేరాయి?

జయరాజ్


చిలకలదిన్నె,
నవంబరు 17.

మరిదీ,

జవాబు ఆలస్యమైంది. అన్నీ తేలాక ఒకేసారి రాద్దామని ఆగాను.

ఇరవై ఆరు. రెండు దారిలోనే పోయాయి. మూడు మా చేతుల్లో పోయాయి, నీళ్లలో నిలబెట్టి పట్టుకున్నా నిలవలేదు. మిగతావి కాసేపు పక్కకు ఒరిగి, తర్వాత తోక కొట్టి వెళ్లిపోయాయి. ఒక్కొక్కటి పోతుంటే మా ఆడవాళ్లు పెళ్లికూతురిని సాగనంపినట్టు నిలబడ్డారు.

అక్టోబరు 24న అధికారులు కూర్చున్నారు. నేను రిజిస్టరు తీసి, దీన్ని నమ్మవద్దు సార్ అని ముందే చెప్పేశాను. పెట్టెల లెక్క వేరే కాగితం మీద ఇచ్చాను. పెద్దాయనకు కోపం వచ్చింది. “ఇన్నేళ్ల రిజిస్టరు అబద్ధం అంటావా అమ్మా?”

“సగం అబద్ధం సార్. మిగతా సగం మీ తూములోంచి పోయింది.”

నాకే తెలియదు ఆ మాట నా నోట్లో ఉందని. ఆయన నీ అరవై మూడు గురించి చదివాడు, ముప్పై ఒకటి బరువులు చదివాడు, లేచి తూము దాకా నడిచి కిందికి చూసి వచ్చాడు. గంట తర్వాత చెప్పాడు. డ్యాము ఒక ఏడాది సంఘానికే. ఒక ఏడాదే. పిల్లల్ని ఇకమీద తూముకు దూరంగా, అది మూసేశాకే పొయ్యాలి. అలవి వల కనబడితే సంఘమే రద్దు. గాలంవాళ్లు ఆదివారం కూర్చోవచ్చు, మా తక్కెడలో తూచి చెప్పాలి. వచ్చే అక్టోబరులో మళ్లీ వస్తాం అన్నాడు. నలభై రెండు ఇళ్లకూ పన్నెండు నెలలు దొరికాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఊపిరి మాత్రం వదిలారు.

మొన్న పదిహేనున రెండో లక్ష వచ్చింది. పడమటి ఒడ్డున పొయ్యాలని నిర్ణయం. అక్కడికి దారి లేదు. వ్యాను కట్ట దగ్గర ఆగింది, శాఖ మనిషి అందులోనే కూర్చున్నాడు. నీళ్ల సంచులు తలమీద పెట్టుకుని నలభై మందిమి రాళ్ల మీద రెండు కిలోమీటర్లు నడిచాం. షామియానా లేదు, ఫోటో తీసేవాళ్లు లేరు. మొదటి సంచి ఎవరు విప్పాలో కాసేపు ఎవరికీ తోచలేదు. చివరికి అందరం ఒకేసారి విప్పాం.

వదలగానే లోతుకు పోతాయనుకున్నాను. పోలేదు. అక్కడ మోకాలి లోతే, నీళ్లు కదలవు. లాగేది ఏమీ లేదు కదా, ఎటు పోవాలో వాటికీ తెలియలేదు. మా కాళ్ల చుట్టూ, చీరల నీడలో చేరి అక్కడే నిలిచిపోయాయి. నీళ్లన్నీ సన్నగా వణుకుతున్నాయి. అడుగు తీస్తే తొక్కుతామని ఎవరం కదల్లేదు. ఒడ్డున నాగరాజ్ “రాండి, పొద్దెక్కింది” అని పిలిచాడు. నాగలక్ష్మమ్మ అవ్వ నీళ్లలోంచే, “యాడికొచ్చేది, ఇవి పోనీ ముందు” అంది.

ఎంతసేపో తెలియదు. పిక్కలు లాగుతున్నాయి. కొంచెం బరువు మార్చుకుందామని కుడికాలు ఎత్తబోయాను. నా వెనక ఎవరో నిలబడి ఉన్నారని అప్పుడు తెలిసింది.

“కదలాకు అమ్మీ. నీ కాలి కింద శానా ఉండాయి.”

మా మామ. రెండు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట.

నేను కదల్లేదు.

రమణి